కామాటిపుర: శ్రమ పేరు నేరం పేరుగా మారిన చరిత్ర

వ్యాససంగ్రహం

ముంబయిలోని కామాటిపుర నిజాం రాజ్యం నుంచి వలస వెళ్ళిన తెలుగు శ్రామికుల పేరుమీద వెలసిన పేట. దేశమంతటా అది వేశ్యావాటికగా, నేరాలకు నెలవుగా పేరుపడింది. ఈ పేరు ఏ కాలంలో, ఏ విధానాల వల్ల స్థిరపడిందో వలసపాలన నాటి జనగణన, చట్టాలు, పోలీసు వ్యవస్థల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒక వ్యవహారాన్ని ఒక పేటకు పరిమితం చేసి తక్కిన నగరానికి భద్రత కల్పించాలన్న విధానం, ఆ పేటలో నివసించేవారిని, ముఖ్యంగా స్త్రీలను, భద్రతకు దూరం చేసిందని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: కామాటి, వలస, నగర చరిత్ర, నేర గణాంకాలు, పోలీసు వ్యవస్థ, భద్రత.

ఉపోద్ఘాతం

నగరంలో పేటలకు మంచిపేరు, చెడ్డపేరు ఉంటాయి. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు, పెళ్ళిసంబంధం చూసేటప్పుడు, దరఖాస్తులో చిరునామా రాసేటప్పుడు ఆ పేరు ప్రభావం తెలుస్తుంది. ఈ పేర్లకు నేరాల లెక్కలే ఆధారమని సామాన్యంగా భావిస్తారు. కాని జాతీయ నేర నమోదు సంస్థ ఏటా వెలువరించే 'భారతదేశంలో నేరాలు' నివేదికలో రాష్ట్రాలకు, జిల్లాలకు, ఇరవై లక్షలకు పైబడిన జనాభాగల మహానగరాలకు సంబంధించిన లెక్కలు ఉంటాయి. లక్ష జనాభాకు ఎన్ని నేరాలు నమోదైనవో లెక్కించి నేరాల రేటును నిర్ణయిస్తారు. ఒక్కొక్క పేటకు అటువంటి రేటు ఆ నివేదికలో ఉండదు. కాబట్టి ఒక పేటకు స్థిరపడిన చెడ్డపేరుకు మూలాన్ని గణాంకాల పట్టికల్లో కంటే ఆ పేట చరిత్రలో వెదకడం అవసరమవుతుంది.

ఇటువంటి పరిశీలనకు కామాటిపుర తగిన ఉదాహరణ. అది తెలుగువారి శ్రమచరిత్రలో భాగం. అయినా తెలుగు పాఠకులలో పలువురికి ఆ పేరు వేశ్యావాటికగానే తెలుసు. ఆ పేరులోని తెలుగు మాట మాత్రం వారి దృష్టికి రాదు.

'కామాటి': పదం, జనం

తెలుగులో 'కామాటి' అనే మాటకు కూలిపని చేసేవాడని అర్థం. 'కామాటము' అంటే సొంత సేద్యం, ఇంటిపని. మట్టిపని, రాతిపని, బాటల నిర్మాణం మొదలైన శరీరకష్టంతో కూడిన పనులు చేసేవారిని కామాటులని వ్యవహరించారు. ఆ పనుల్లో వేర్వేరు కులాలవారు ఉండేవారు కనుక ఇది వృత్తిని సూచించే మాటే తప్ప కులనామం కాదు.

బొంబాయి చేరిన తరువాత ఈ మాట స్వభావం మారింది. తెలుగు దేశం నుంచి వచ్చిన మున్నూరుకాపులు, పద్మశాలీలు, ఇతర శ్రామిక కులాలవారు, దళితులు అందరూ అక్కడ 'కామాఠీ'లే అయ్యారు. వలసపాలన కాలపు కులగ్రంథాలు ఈ మాటను ఒక శీర్షికగా స్వీకరించాయి. ఆర్. ఇ. ఎంథోవెన్ 1920–22 మధ్య ప్రకటించిన బొంబాయి కులాలు, తెగల గ్రంథంలోనూ కామాఠీలకు చోటు దక్కింది. పనిని చెప్పే మాట ఒక జనసమూహానికి పేరయింది. ఆ జనసమూహం పేరు వారి పేటకు పేరయింది. మరాఠీలో ఆ మాట పాత అర్థాన్ని పూర్తిగా కోల్పోలేదు. మహారాష్ట్రలోని ఆశ్రమశాలల్లో 'కామాఠీ' అనే చిన్న ఉద్యోగం నేటికీ ఉంది.

హైదరాబాదు పాతనగరంలోనూ కామాటిపుర అనే పేట ఉంది. ఆ పేరుతో పోలీసు ఠాణా కూడా ఉంది. హైదరాబాదు కామాటిపుర పేరు వినగానే ముంబయి కామాటిపురకు అంటిన అర్థం ఎవరికీ స్ఫురించదు. పేరు ఒకటే అయినా, రెండు నగరాల్లో వాటి చరిత్రలు వేరు. ముంబయి పేటకు వచ్చిన పేరుకు కారణాన్ని అక్కడ స్థిరపడిన జనం స్వభావంలో వెదకరాదని ఈ పోలిక ముందుగానే సూచిస్తున్నది.

పేట పుట్టుక

బొంబాయి ఒకప్పుడు ఏడు దీవుల సముదాయం. 18వ శతాబ్ది ఉత్తరార్ధంలో హార్న్‌బీ వెల్లార్డు అనే అడ్డుకట్ట నిర్మాణంతో సముద్రపు నీరు మధ్యభాగంలోని పల్లపు నేలల్లోకి రాకుండా ఆగింది. అలా బయటపడిన పల్లపు భూమిలో నిజాం రాజ్యం నుంచి వచ్చిన కామాటులు 1795 ప్రాంతం నుంచి స్థిరపడసాగారని ఎస్. ఎం. ఎడ్వర్డ్స్ రచనలు తెలుపుతున్నాయి. ఎడ్వర్డ్స్ బొంబాయి నగర గెజెటీరును సంకలనం చేసిన అధికారి. 1909 నుంచి 1916 వరకు నగర పోలీసు కమిషనరుగా పనిచేశాడు. ఈ పేట పుట్టుకను నమోదు చేసిన వ్యక్తే తరువాత ఆ పేటపై పోలీసు అధికారం చెలాయించడం గమనించదగినది.

పల్లపు నేల కావడంవల్ల వానాకాలంలో నీరు నిలిచేది. మురుగు పోయే దారి సరిగా ఉండేది కాదు. నగరానికి అవసరమైన కూలీలకు నగరం ఇచ్చిన చోటు అది. 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధకాలంలో పత్తి ధరలు పెరిగి బొంబాయిలో ధనం పోగుపడింది. కోటగోడలు పడగొట్టారు. కొత్త బాటలు, భవనాలు లేచాయి. ఆ నిర్మాణాల్లో తెలుగు స్త్రీపురుషుల చెమట ఉంది. కూలీలతోపాటు వారిలోనుంచే గుత్తేదారులూ ఎదిగారు. 1873 సెప్టెంబరు 24న జోతీరావు ఫులే పుణెలో స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో జయా కరాడి లింగు, వ్యంకూ బాలోజీ కాళేవార్ వంటి తెలుగు గుత్తేదారులు ముఖ్యులు. కుల అసమానతను ప్రశ్నించిన ఒక ఉద్యమానికి ఈ వలస సమాజం ఆర్థికంగా, సంస్థాగతంగా చేయూతనిచ్చింది. కామాటిపుర గురించిన జనరంజక కథనాల్లో ఈ ఘట్టం కనిపించదు.

1864 లెక్కలు చెప్పే విషయం

బొంబాయి నగరంలో 1864లో జరిగిన జనగణన ప్రకారం నగర జనాభా 8,16,562. ఆ జనగణనలో వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీలను పేటల వారీగా లెక్కించారు. ఉమర్‌ఖాడీలో 1,583 మంది, ఫణస్‌వాడీలో 1,323 మంది, గిర్‌గావ్‌లో 1,044 మంది, కామాటిపురలో 601 మంది నమోదయ్యారు. వలసపాలన నాటి బొంబాయిలో వేశ్యావృత్తి నియంత్రణపై విస్తృతంగా పరిశోధించిన అశ్వినీ తాంబే ఈ అంకెల ప్రాముఖ్యాన్ని గుర్తించారు.

ఉమర్‌ఖాడీ సంఖ్యలో సగమైనా కామాటిపురలో లేదు. ఆనాటికి ఈ వృత్తి నగరమంతటా విస్తరించి ఉంది. ఐదు వందలకు మించి ఇటువంటి స్త్రీలు నివసించిన పేటలు అనేకం. 1916 నాటికి అటువంటివి కామాటిపురతో కలిపి రెండే మిగిలాయి. గిర్‌గావ్ క్రమంగా మధ్యతరగతి మరాఠీ కుటుంబాల పేటగా గౌరవం పొందింది. 1864లో అక్కడ వెయ్యిమందికి పైగా ఈ వృత్తిలో ఉన్నారన్న సంగతి నగరం స్మృతిలో నిలవలేదు. తక్కువ సంఖ్య ఉన్న పేటకు పేరు నిలిచిపోయింది. ఈ అర్ధశతాబ్దంలో జరిగిన మార్పుకు కారణాలు ఆ కాలపు చట్టాల్లో, వాటి అమలులో కనిపిస్తాయి.

చట్టం గీసిన హద్దులు

మొదటిది 1868 నాటి అంటువ్యాధుల చట్టం. సైనికులను, నావికులను సుఖవ్యాధుల నుంచి కాపాడటం దాని ఉద్దేశం. అందుకోసం వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీలు పేర్లు నమోదు చేయించుకుని, నిర్ణీత కాలానికి ఒకసారి వైద్యపరీక్షకు హాజరు కావాలి. వారి దగ్గరకు వెళ్ళే పురుషులకు అటువంటి నిర్బంధం లేదు. బొంబాయిలో ఇది 1870 నుంచి 1872 వరకు, మళ్ళీ 1880 నుంచి 1888 వరకు అమలైంది. అది రద్దయినా, ఈ స్త్రీలు ఎక్కడున్నారో పోలీసులకు తెలిసి ఉండాలన్న పాలనాపద్ధతి రద్దు కాలేదు.

రెండవది 1902 నాటి బొంబాయి నగర పోలీసు చట్టం. ఫలానా వీధిలో వేశ్యాగృహం ఉండరాదని ఆదేశించే అధికారం దీనివల్ల పోలీసు కమిషనరుకు లభించింది. పెద్దమనుషులు నివసించే వీధుల నుంచి, ట్రాములు నడిచే రాజమార్గాల నుంచి ఫిర్యాదులు వచ్చేవి. అక్కడి నుంచి తొలగించిన స్త్రీలు ఎక్కడికి వెళ్ళాలి? ఫిర్యాదు చేయగల పలుకుబడి లేని చోటికే వెళ్ళారు. కూలీలు నివసించే పల్లపు పేటకు ఆ పలుకుబడి లేదు.

మూడవ కారణం జాతికి సంబంధించినది. 19వ శతాబ్ది చివర, 20వ శతాబ్ది ఆరంభంలో ఐరోపా నుంచి బొంబాయికి తరలివచ్చిన స్త్రీలను ఒకేచోట ఉంచి పర్యవేక్షించడం పోలీసులకు అవసరంగా తోచింది. కామాటిపురలోని కర్సెట్జీ సుఖలాజీ వీధికి 'సఫేద్ గల్లీ' అనే వాడుకపేరు వారివల్లే వచ్చింది. ఈ వ్యవహారాన్ని నగరమంతా వ్యాపించనీయకుండా ఒక హద్దులో సహించడం మేలని అధికారులు భావించారు. ఆ హద్దు గీసినప్పుడు అప్పటికే అక్కడ రెండు మూడు తరాలుగా కాపురముంటున్న తాపీపనివారి, కూలీల అభిప్రాయం ఎవరూ అడగలేదు.

అకూతాయి హత్య: భద్రత ఎవరికి?

వేశ్యాగృహాలు ఒకేచోట ఉంటే పోలీసుల కన్ను వాటిమీద ఉంటుందని, అందువల్ల నేరం అదుపులో ఉంటుందని ఈ విధానానికి సమర్థన. 1917లో జరిగిన ఒక హత్య ఆ సమర్థన బలహీనతను బయటపెట్టింది. డంకన్ రోడ్డులోని ఒక వేశ్యాగృహంలో అప్పుకు కట్టుబడి ఉన్న అకూతాయి అనే యువతి తప్పించుకోవడానికి ప్రయత్నించింది. నిర్వాహకులు ఆమెను పట్టితెచ్చి, చిత్రహింసలు పెట్టి చంపారు. కేసు న్యాయస్థానానికి వెళ్ళింది. నిందితులు దోషులుగా తేలారు. విచారణలో వచ్చిన సాక్ష్యాలు ఆ ఇళ్ళలోని నిర్బంధాన్ని, తీరని అప్పును, నిత్యహింసను లోకానికి తెలిపాయి.

ఆమె రహస్యంగా దాచిన ఇంట్లో ఉండలేదు. పోలీసులకు తెలిసిన ప్రాంతంలో, తెలిసిన వృత్తిలో ఉన్న ఇంట్లో ఉంది. అయినా తప్పించుకున్న స్త్రీకి ఆశ్రయం ఇవ్వవలసిన వ్యవస్థ ఆమెకు అందలేదు. పర్యవేక్షణ వీధివరకే వచ్చి ఆగింది. వీధిలో ప్రశాంతత ఉంటే అధికారుల దృష్టిలో పేట అదుపులో ఉన్నట్లే. మూసిన తలుపు వెనుక ఉన్న స్త్రీ క్షేమం ఆ లెక్కలోకి రాలేదు.

ఈ హత్య రేపిన ఆందోళన అనంతర చర్చలకు ప్రేరణ అయింది. ఫలితంగా 1923లో బొంబాయి వేశ్యావృత్తి నిరోధక చట్టం వచ్చింది. స్త్రీలను ఈ వృత్తిలోకి దించేవారిని, వారి సంపాదనపై బతికేవారిని శిక్షించడం దాని ప్రధాన లక్ష్యం. తరువాతి సవరణలు గృహనిర్వాహకులనూ పరిధిలోకి తెచ్చాయి. చట్టం మారినా పేట స్థితి మారలేదు. అరలవంటి గదులకు కడ్డీలు బిగించిన 'పింజ్రా'లు ఆ ప్రాంతానికి గుర్తుగా మిగిలాయి.

స్వాతంత్ర్యానంతరం

1956లో పార్లమెంటు అవినీతికర వ్యాపార నిరోధక చట్టాన్ని చేసింది. 1986 సవరణతో దాని పేరు, కొన్ని నిబంధనలు మారాయి. ఈ చట్టం ప్రకారం వేశ్యావృత్తి తనంతట తాను నేరం కాదు. గృహం నడపడం, ఇతరుల సంపాదనపై బతకడం, బహిరంగస్థలంలో విటులను పిలవడం నేరాలు. ఎనిమిదవ సెక్షను కింద పిలిచిన స్త్రీకి మొదటిసారి ఆరు నెలల వరకు జైలుశిక్ష విధించవచ్చు. అదే నేరం చేసిన పురుషునికి ఏడు రోజులకు తగ్గకుండా మూడు నెలల వరకు శిక్ష. రక్షించడానికి చేసిన చట్టంలోనే రక్షణ పొందవలసిన వ్యక్తికి గరిష్ఠశిక్ష ఎక్కువ.

ఈ నిబంధన నేర గణాంకాలపై కూడా ప్రభావం చూపుతుంది. దొంగతనం జరిగితే సొమ్ము పోగొట్టుకున్నవారు ఫిర్యాదు చేస్తారు. విటులను పిలవడం అనే నేరానికి ఫిర్యాదుదారు సాధారణంగా ఉండరు. పోలీసులు దాడి చేసిన రోజున కేసులు నమోదవుతాయి. దాడి లేని రోజున నమోదు కావు. ఇటువంటి కేసుల సంఖ్య పేటలోని నేరప్రవృత్తికంటే ఠాణా కార్యక్రమాన్ని ఎక్కువగా తెలుపుతుంది. మరోవైపు అదే పేటలో ఒక స్త్రీపై ఆమె గదిలో దెబ్బలు పడితే ఫిర్యాదు అందే అవకాశం తక్కువ. ఠాణాకు వెళితే తనే ముద్దాయి కావచ్చునన్న భయం ఆమెది. జాతీయ నేర నమోదు సంస్థ కూడా నేరాల పెరుగుదల వేరు, నేరాల నమోదులో పెరుగుదల వేరు అని తన నివేదికల్లో హెచ్చరిస్తుంది. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో పలు నేరాలుంటే అన్నిటికంటే తీవ్రమైనదాన్ని మాత్రమే లెక్కించే పద్ధతిని అది పాటిస్తుంది. ఒక స్త్రీని నిర్బంధించి, కొట్టి, అమ్మిన ఉదంతమంతా ఆ పట్టికలో ఒక్క అంకె అవుతుంది.

1996 ఫిబ్రవరిలో కామాటిపుర ప్రాంతంలో జరిగిన పెద్ద పోలీసు దాడిలో నాలుగు వందలకు పైగా బాలికలను, యువతులను విడిపించారు. వారిలో నేపాల్‌కు చెందినవారు గణనీయసంఖ్యలో ఉన్నారు. విముక్తి తరువాత వారికి ఆశ్రయం చూపడంలో, స్వదేశం పంపడంలో ప్రభుత్వాలు తడబడ్డాయి. నెలల తరబడి వసతిగృహాల్లో ఉంచిన అనంతరం స్వచ్ఛందసంస్థల చొరవతో కొందరు నేపాల్ చేరారు. నేరనియంత్రణగా ఆ దాడి సఫలమైనదని చెప్పవచ్చు. విడిపించినవారి భద్రతకు మాత్రం ఏర్పాట్లు ముందుగా జరగలేదు. అకూతాయి తలుపు తెరుచుకుని బయటికి వస్తే ఎక్కడికి వెళ్ళేదన్న ప్రశ్నకు ఎనిమిది దశాబ్దాల తరువాత కూడా జవాబు సిద్ధంగా లేదు. 2022 మే 19న సుప్రీంకోర్టు బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో ఇచ్చిన ఆదేశాలు ఈ లోపాన్ని నేరుగా ఎదుర్కొన్నాయి. సెక్స్ వర్కర్లపట్ల పోలీసులు గౌరవంగా వ్యవహరించాలని న్యాయస్థానం నిర్దేశించింది.

పేరు మోసే భారం

స్థలానికి నేరముద్ర వేసే పద్ధతి తెలుగునేలకూ పరిచితమే. 1871లో మొదలై 1911లో మద్రాసు రాష్ట్రానికీ విస్తరించిన నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలవారిని బాపట్ల సమీపంలోని స్టువర్టుపురంలో స్థిరపరచారు. 1952లో ఆ చట్టం రద్దయినా ఊరిపేరు చాలాకాలం దొంగలకు పర్యాయపదంగా వాడుకలో ఉండిపోయింది. అక్కడ పుట్టుకకు అంటగట్టిన నేరం ఊరికి అంటింది. కామాటిపురలో ఊరికి అంటగట్టిన నేరం అక్కడ పుట్టినవారికి అంటింది. ఫలితం ఒకటే. చదువుకున్న యువకుడు తన చిరునామా చెప్పడానికి జంకుతాడు.

కళారూపాలు ఈ ముద్రను రెండు విధాలుగా స్వీకరించాయి. ఆ పరిసరాల్లో పెరిగిన నామ్‌దేవ్ ఢసాళ్ 1972లో ప్రకటించిన మరాఠీ కవితాసంపుటి 'గోల్‌పీఠా' అక్కడి బతుకును లోపలినుంచి పలికించింది. 2022లో విడుదలైన హిందీ చిత్రం 'గంగూబాయి కాఠియావాడీ' ఆ పేరును మరొకసారి దేశవ్యాప్తం చేసింది. ఆ చిత్రంలో పేటపేరును వాడటంపై స్థానికులు కొందరు అభ్యంతరం తెలిపారు. ఆ గల్లీల్లో బీడీలు చుట్టినవారు, బట్టలు కుట్టినవారు, తాపీపని చేసినవారు, మునిసిపాలిటీ తెలుగు బడులకు పిల్లల్ని పంపినవారు కూడా నివసించారన్నది వారి వేదన సారాంశం.

నేడు అక్కడ సెక్స్ వర్కర్ల సంఖ్య బాగా తగ్గింది. శిథిలావస్థలోని పాత భవనాల స్థానంలో ఆకాశహర్మ్యాలు నిర్మించే పునర్నిర్మాణ ప్రణాళిక మహారాష్ట్ర గృహనిర్మాణ, ప్రాంతాభివృద్ధి సంస్థ ఆధ్వర్యంలో ముందుకు వచ్చింది. నేల విలువ పెరిగేకొద్దీ పాతపేరు వదిలించుకోవాలన్న కోరిక బలపడటం సహజం. అయితే పేరు తుడిచివేస్తే ముద్రతోపాటు తెలుగు శ్రామికుల నగరస్మారకం కూడా తుడిచిపెట్టుకుపోతుంది. వారు కట్టిన భవనాలమీద వారి పేర్లు లేవు. వారి వృత్తినామం మిగిలింది ఈ పేటమీదే.

ముగింపు

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలు:

1. కామాటిపుర పేరు తెలుగు శ్రమకు సంబంధించినది. వేశ్యావాటిక అనే అర్థం 19వ శతాబ్ది ఉత్తరార్ధం తరువాత దానికి చేరింది.

2. 1864 జనగణన ప్రకారం ఈ వృత్తిలో ఉన్నవారి సంఖ్య ఇతర పేటల్లోనే ఎక్కువ. చట్టాలు, పోలీసు ఆదేశాలు, పలుకుబడిగల పేటల ఫిర్యాదులు కలిసి దాన్ని ఒకేచోటికి నెట్టాయి.

3. హద్దులో ఉంచి పర్యవేక్షించే విధానం తక్కిన నగరానికి ప్రశాంతత ఇచ్చింది. హద్దు లోపలి స్త్రీలకు రక్షణ ఇవ్వలేదు. 1917 హత్య, 1996 నాటి పరిణామాలు ఇందుకు సాక్ష్యం.

4. నమోదైన కేసుల సంఖ్య పోలీసుల చర్యలను తెలుపుతుంది. ఫిర్యాదు చేయలేనివారి భయం అందులో కనిపించదు. ఒక పేట భద్రతను అంచనా వేయాలంటే అక్కడ అత్యంత బలహీనులు ఠాణా మెట్లెక్కగలుగుతున్నారా అన్నది మొదట చూడాలి.

వలస వెళ్ళిన తెలుగువారి చరిత్రను వారి సంఘాలు, సభలు, పత్రికల ద్వారా రాయడం మన పరిశోధనలో ఆనవాయితీ. జనగణన పట్టికలు, పోలీసు నివేదికలు, న్యాయస్థానాల సాక్ష్యాలు కూడా అందుకు ఆకరాలే. పునర్నిర్మాణంలో పాత గల్లీలు కనుమరుగయ్యేలోగా, అక్కడి తెలుగు కుటుంబాల మౌఖికచరిత్రను వారి నోటనే సేకరించడం ఈ దిశలో తక్షణం జరగవలసిన పని.